ఇంటి లోపల పొట్టి టమాటా: మూడు సీసాల పోషకాల కిట్ రివ్యూ

నమస్కారం. ఇంటి లోపల లైటు కింద టమాటా పెంచేవాళ్ల కోసమని అమ్ముతున్న పోషకాల కిట్ ఇది. మూడు సీసాలు, రెండు పెన్ను మీటర్లు, నాలుగు మడతల చార్టు ఒకటి. కంపెనీ పేరు మీద టేపు అంటించాను. ఈ వీడియోకు ఎవరూ డబ్బివ్వలేదు. పైగా ఈ తరహా కిట్లన్నీ రంగులు మార్చుకున్న కవలలే. ఒకదాని గుణదోషాలు చెబితే చాలావాటికి సరిపోతాయి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే తేల్చేస్తున్నాను. ఎ, బి సీసాలు బాగున్నాయి. మూడో సీసా దండగ. చార్టును పక్కన పడేయండి. పెట్టెలో అన్నిటికన్నా విలువైనది, చాలామంది సొరుగులో పడేసి మరిచిపోయే ఈ ఈసీ పెన్ను, అంటే నీళ్లలో లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే మీటరు.

అలా ఎందుకంటున్నానో తెలియాలంటే మొక్క స్వభావం కొంచెం తెలియాలి. నా దగ్గర ఉన్నది మైక్రో టామ్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1989లో విడుదల చేసిన రకం. జానెడు ఎత్తు కూడా ఉండదు. టమాటా పూతకు పగటి నిడివితో పని లేదు. చామంతి అలా కాదు, రాత్రులు పొడవైతే గానీ మొగ్గ తొడగదు. లైటు గంటలు సర్ది చామంతి పూతను వాయిదా వేయవచ్చు. టమాటాతో ఆ బేరం కుదరదు. ఈ పొట్టి రకాలైతే నాలుగు ఆకులు వేసీ వేయకముందే పూత గుత్తికి సిద్ధమై, ఆపైన పెద్దగా ఎదగవు. లేత వయసులో ఎరువు ఎక్కువై వేళ్లు మాడాయంటే కోలుకునే వ్యవధి ఉండదు. గిడసబారిన మొక్క గిడసబారినట్టే పూస్తుంది, ఉన్న నాలుగు కొమ్మల మీదే కాస్తుంది.

ఇప్పుడు సీసాల సంగతి. ఎ, బి అని రెండుగా ఎందుకిచ్చారు, ఒకే సీసాలో పోయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చూపిస్తాను. ఈ గాజు గ్లాసులో రెండింటినీ నీళ్లు కలపకుండా చిక్కగానే పోస్తున్నాను. కెమెరాను కొంచెం దగ్గరికి తెస్తాను. చూశారా, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు! ఎ సీసాలో కాల్షియం నైట్రేట్ ఉంది. బి సీసాలో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉన్నాయి. రెండూ చిక్కగా కలిస్తే కాల్షియం వెళ్లి వాటితో జత కట్టి జిప్సంగా, కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగుకు దిగిపోతుంది. అడుగుకు దిగినది వేళ్లకు అందదు. అందుకని ముందు బకెట్ నిండా నీళ్లు, తర్వాత ఎ పోసి బాగా కలియతిప్పడం, ఆ తర్వాతే బి. పలచగా ఉన్నప్పుడు ఈ గొడవ రాదు. కొలిచే మూతలు కూడా వేరువేరుగా ఉంచుకోండి. ఈ కంపెనీ ఒకే మూత ఇచ్చింది, అది నాకు నచ్చలేదు.

మూడోది ‘పూత బూస్టర్’. బొమ్మ బాగుంది. లేబుల్ మీద నత్రజని, భాస్వరం, పొటాష్‌ల వరుసలో ఉండే మూడంకెల్లో మధ్యది పెద్దది, అంటే భాస్వరం దండిగా ఉందని చెప్పుకోవడం. ఆ మధ్య అంకె అసలు భాస్వరం కాదు, భాస్వరం పెంటాక్సైడ్ లెక్క. దానిలో సుమారు 44 శాతమే భాస్వరం. అది పక్కన పెట్టినా, కాయ పట్టే టమాటా ఎక్కువగా లాగేది పొటాష్‌ను, భాస్వరాన్ని కాదు. అవసరానికి మించిన భాస్వరం జింకు, ఇనుము అందకుండా అడ్డం పడుతుంది. ఎ, బిలలో కావలసినంత ఉన్నప్పుడు మూడో సీసా దేనికి? అమ్మకానికి.

చార్టు విషయానికి వద్దాం. వారాల వారీగా గడులు గీసి, ప్రతి గడిలో మిల్లీలీటర్లు రాశారు. ఏ మొక్కకో రాయలేదు. మనిషెత్తు పెరిగే తీగ టమాటాకూ, అర చేతిలో ఇమిడే దీనికీ ఒకే మోతాదు ఎలా సరిపోతుంది? నేను చార్టులో సగంతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఈసీ పెన్ను చెప్పినట్టు నడుస్తాను. ఈసీ అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎంత విద్యుత్తును మోస్తున్నాయన్న కొలత. ఇక్కడి అంకెలన్నీ సెంటీమీటరుకు మిల్లీసీమెన్స్‌లో (mS/cm). నా పద్ధతి ఇది: నారు దశలో 0.8 నుంచి 1 వరకు, మొగ్గలు కనిపించాక 1.2 నుంచి 1.4, కాయలు ఊరేటప్పుడు 1.6 నుంచి 1.8. చిన్న కుండీలో పొట్టి రకానికి అంతకు మించి పెంచే పని నాకు ఎప్పుడూ పడలేదు. ఎరువు కలపకముందు ఒట్టి నీళ్లను కూడా కొలవండి. కొళాయి నీళ్లే 0.5 చూపిస్తే అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండే అవకాశం ఎక్కువ. ఆర్ఓ నీళ్లలో అవి దాదాపు ఉండవు, విడిగా కలపాలి.

ఒక మెలిక ఉంది. ఈ పెన్ను మీద బటన్ నొక్కితే పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో లవణాలు ఎన్ని భాగాలన్న అంకె వస్తుంది. దాన్ని నమ్ముకోకండి. కొన్ని మీటర్లు ఈసీని 500తో, కొన్ని 700తో గుణించి చూపిస్తాయి. 1.6 ఈసీ ఉన్న ఒకే బకెట్ నీళ్లు ఒక మీటరులో 800, ఇంకొక దానిలో 1120. ఇద్దరు స్నేహితులు తమ అంకెలు పోల్చుకుని, ఒకరు తమ మొక్క ఆకలితో ఉందనుకుని ఎరువు పెంచేస్తారు. ఈసీలోనే మాట్లాడుకుంటే ఈ తంటా ఉండదు.

ఇక ఈ ఆకును చూడండి. చార్టు ప్రకారం పూర్తి మోతాదు పోసిన కుండీలోది. రంగు మరీ ముదురు ఆకుపచ్చ, అంచు కిందికి వంగింది, కొన మాత్రం సూదిమొన అంత గోధుమ రంగులో ఎండింది. చూసేవాళ్లు ‘ఎంత పచ్చగా ఉందో’ అని మురిసిపోతారు. నిజానికి నత్రజని ఎక్కువైందని అది గట్టిగా చెబుతోంది. పసుపు కనిపిస్తే ఎక్కడ మొదలైందో చూడండి. కింది ముదురు ఆకుల్లో మొదలైతే నత్రజని, పొటాష్, మెగ్నీషియం లాంటివి తక్కువై ఉండవచ్చు. మొక్క వాటిని పాత ఆకుల నుంచి లాగి కొత్త చిగురుకు పంపగలదు. ఈనెలు పచ్చగా ఉండి చిగురు పాలిపోతే ఇనుము మీద అనుమానం. అయితే అప్పుడు కూడా సీసా వైపు పరుగెత్తకండి, ముందు పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత చూడండి. మట్టికి బదులు వాడే కొబ్బరి పొట్టులో అది 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. 7 దాటితే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్క నోటికి అందదు.

కాయ అడుగున నల్లటి మచ్చ వస్తే కాల్షియం లోపం అంటారు. లోపం కాయలో ఉంటుంది, చాలాసార్లు నీళ్లలో ఉండదు. కాల్షియం నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఒకరోజు కుండీ ఎండిపోయి, మర్నాడు మునిగిపోతే కాయ దాకా అది చేరదు. ఈసీ మరీ ఎక్కువైనా వేళ్లు నీటిని లాగలేక అదే మచ్చ వస్తుంది. ఎరువు పెంచడం కన్నా తడి ఒకే తీరున ఉంచడం మేలు. కొబ్బరి పొట్టు అయితే పోసిన దానిలో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు కింద కారేలా పోయండి. కారిన నీళ్లను కొలిస్తే, మీరు పోసిన దానికన్నా ఈసీ బాగా ఎక్కువ ఉంటే ఉప్పు పేరుకుంటోందని అర్థం.

లైటు ఈ కిట్‌లో లేదు కాబట్టి ఒక్కమాటతో సరిపెడతాను. రాత్రీ పగలూ వెలిగించకండి. టమాటా ఆకులు నిరంతర వెలుతురును తట్టుకోలేక పాలిపోతాయి, పదహారు గంటలు చాలు. గాలి లేని గదిలో పూత రాలుతుంటే గుత్తిని వేలితో మెల్లగా మీటండి, పుప్పొడి రాలడానికి అది కావాలి.

కిట్‌లోని పీహెచ్ పెన్ను పరవాలేదు గానీ, మూతలో నిల్వ ద్రావణం లేకుండా పొడిగా వచ్చింది. పొడిబారిన పీహెచ్ మొన తప్పుడు అంకెలు చెబుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూడా నిల్వ ఉంచకూడదు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి.

కొనాలా అంటే, కిట్‌గా వద్దు. ద్రవ ఎరువులో ఎక్కువ భాగం నీళ్లే. అదే ఎ, బి పొడి రూపంలో దొరికితే తీసుకోండి, ఈసీ పెన్ను విడిగా కొనండి. దానితో పాటు 1.413 అని రాసి ఉన్న క్రమాంకన ద్రావణం ఒక చిన్న సీసా తెచ్చుకోండి. 25 డిగ్రీల దగ్గర పెన్ను అందులో ముంచినప్పుడు ఆ అంకె చూపించకపోతే, మొక్కను అనుమానించే ముందు పెన్నును సరిచేయండి.