మొటిమల గుంటలకు మూడు చికిత్సలు: టార్చి వెలుగులో నా చెంప

నమస్కారం. ముందు గదిలో లైటు ఆర్పేస్తాను. ఇప్పుడు టార్చి పక్క నుంచి పట్టుకుంటున్నాను, నా ఎడమ చెంప చూడండి. ఎదురు వెలుగులో నున్నగా కనిపించిన చోటే ఇన్ని గుంటలు. చికిత్సకు ముందు, తర్వాత అంటూ ఎవరు ఫోటోలు చూపించినా వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడండి.

నల్లమచ్చ వేరు, గుంట వేరు. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాసుకుంటే మచ్చ కొన్ని నెలల్లో పలచబడుతుంది. గుంట అలా పూడదు, అక్కడ చర్మాన్ని నిండుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీనే తగ్గిపోయింది. ఇది తెలియక క్రీములకు పోసిన డబ్బు లెక్క మా అమ్మకే చెప్పలేదు, మీకూ చెప్పను.

నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో చెంప ముట్టుకోకుండానే లేజర్ ప్యాకేజీ ధర చెప్పారు. లేచి వచ్చేశాను. చర్మం మీద సన్నని చుక్కలుగా వేడి తగిలించే ఈ ఫ్రాక్షనల్ లేజర్ పనికిరాదని కాదు. మన చామనచాయ చర్మానికి ఆ వేడి వల్ల కొత్త నల్లమచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ.

రెండో డాక్టరు వేళ్లతో చెంప సాగదీసి చూశారు. సాగదీస్తే మాయమయ్యే వెడల్పు గుంటల్ని లోపలి నుంచి నార లాంటి పోగులు కిందికి లాగి పట్టుకుని ఉంటాయట. వాటికి సబ్‌సిషన్. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కింద సూదిని అటూ ఇటూ ఆడిస్తూ ఆ పోగులు తెంపుతారు. నొప్పి లేదు గానీ కరకరమనే ఆ చప్పుడు వినలేక కళ్లు మూసుకున్నాను. వారం రోజులు చెంప కమిలిపోయింది. నాకు ఎక్కువ తేడా కనిపించింది దీనితోనే.

సూదిమొన లాంటి లోతు గుంటలకు టీసీఏ క్రాస్. 2002లో కొరియా వైద్యులు వివరించిన పద్ధతి ఇది. సన్నని పుల్లతో టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) అనే గాఢమైన ఆమ్లాన్ని గుంట అడుగున మాత్రమే తాకిస్తారు, క్షణాల్లో తెల్లబడుతుంది. ఆ ఆమ్లం ఆన్‌లైన్‌లో దొరుకుతోందని ఇంట్లో ప్రయత్నించకండి, కాలిన మచ్చ మిగులుతుంది.

మైక్రోనీడ్లింగ్, అంటే సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చి కొత్త కొల్లాజెన్ పుట్టించడం, నెలకొకటి చొప్పున నాలుగు సిట్టింగులు చేయించుకున్నాను. తేలిక గుంటలు కాస్త పూడాయి, అంతే. ఇంకా మొటిమలు వస్తున్నవారు ముందు వాటిని తగ్గించుకోవాలి, లేకపోతే కొత్త గుంటలు పడుతూనే ఉంటాయి.

ఇదిగో, టార్చి మళ్లీ దగ్గరగా పెడుతున్నాను. చెంప మధ్యలో సగం పైగా పూడింది. కణత దగ్గరి ఈ రెండు మాత్రం చెక్కుచెదరలేదు. వాటికి వచ్చే నెల ఇంకో సిట్టింగ్ ఉంది.