పన్నెండు కొమ్ముల కాగితపు నక్షత్రం

నమస్కారం. పండుగ అలంకరణకు కాగితపు నక్షత్రం అనగానే చదునుగా కత్తిరించిన అయిదు కొనల నక్షత్రమే చాలామందికి గుర్తుకు వస్తుంది. ఈ రోజు మనం ఎటు తిప్పి చూసినా నక్షత్రంలాగే కనిపించే ఘనాకృతిని తయారు చేద్దాం. పన్నెండు సమ పంచభుజులతో ఏర్పడే ద్వాదశముఖి ప్రతి ముఖం మీదా ఒక కొమ్మును నిలబెడితే ఇది వస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త జొహానెస్ కెప్లర్ 1619లో దీనిని వర్ణించాడు; అంతకు ముందే వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి నేల మీద పాలరాతి ముక్కలతో దీని రూపాన్ని పొదిగారు.

చూపుకు ఎంత జటిలంగా ఉన్నా, కొమ్మును గీయడం చాలా తేలిక. ఒక్కో కొమ్ముకు అయిదు సమద్విబాహు త్రిభుజాలు కావాలి. వాటి కొన దగ్గరి కోణం 36 డిగ్రీలు కాబట్టి, అయిదూ పక్కపక్కన చేరితే సరిగ్గా 180 డిగ్రీలు అవుతుంది. అంటే 6.5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీసి, కోణమానినితో ప్రతి 36 డిగ్రీలకూ ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తులను కేంద్రంతోనూ ఒకదానితో ఒకటీ సరళరేఖలతో కలిపితే కొమ్ము వల రూపం, అంటే మడిస్తే కొమ్ముగా మారే చదును నమూనా, సిద్ధమైనట్టే. అడుగు భుజం దాదాపు 4 సెంటీమీటర్లు వస్తుంది. అడుగు భుజాలన్నిటికీ, ఒక పక్క అంచుకూ అర సెంటీమీటరు వెడల్పున అతుకు పట్టీలు వదిలి కత్తిరించండి.

ఇక అసలు పని మడత. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆనించి, ప్రతి గీతనూ గట్టిగా నొక్కి గీసిన తరువాతే మడవాలి. నేను మొదటిసారి తొందరపడి ఈ పని వదిలేశాను; కొమ్ముల అంచులు గుండ్రబడ్డాయి, ఒక్కో కొమ్ములో కంటికి కనపడని తేడా పేరుకుపోయి పన్నెండో కొమ్ముకు మిగిలిన ఖాళీ వంకరగా తయారైంది. జిగురుతో ఆ తప్పును దిద్దలేము.

కొమ్ములను అంటించేటప్పుడు పక్కపక్క కొమ్ముల పట్టీలను లోపలి వైపుకు మడిచి, ఎదురెదురుగా కలిపి నొక్కండి. మొదటి కొమ్మును మూసే ముందే దాని కొనలోంచి దారం తీసి, లోపల ముడి వేయడం మరచిపోకండి. ఆఖరి కొమ్ము పక్క అతుకును మాత్రం తెరిచే ఉంచి, ఆ చీలిక గుండా చిన్న పట్టకారుతో అడుగు పట్టీలను ఒక్కొక్కటిగా నొక్కి, అవి ఆరాక చివరగా మూయండి.

కొలత కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ఒక కొమ్ము కొన నుంచి దాని అంచు వెంట దారాన్ని బిగించి లాగండి. ఆ దారం కొమ్ము అంచు దిగి, రెండు కొమ్ములు కలిసే అడుగు అతుకు మీదుగా సాగి, అవతలి కొమ్ము అంచు వెంట దాని కొనకు చేరాలి. మొత్తం 17 సెంటీమీటర్లూ ఒకే సరళరేఖ. అలా కుదిరిన నక్షత్రం 20 సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఉంటుంది. దానిని తెల్ల కాగితంతోనే చేసి దీపానికి కొంచెం పక్కగా వేలాడదీయండి. ఒక్కో ముఖం మీద ఒక్కో ఛాయలో నీడ పడుతుంది.