రెండో కార్డుకీ పని అందాలి

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తుంటే ఒకబ్బాయి ఆపి అడిగాడు: "సార్, రెండో గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. బోయింక్‌లో ఒక్కటే పనిచేస్తోంది. రెండోది పోయిందంటారా?" పోలేదు నాయనా. దానికి పని చెప్పినవాళ్లు లేరు, అంతే. బోయింక్ అంటే మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని సైన్స్ ప్రాజెక్టుల లెక్కలకు ఇచ్చే సాఫ్ట్‌వేర్.

రెండూ ఒకే రకం కార్డులైతే బోయింక్ రెండింటినీ వాడుకుంటుంది. శక్తిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మామూలుగా పెద్దదాన్నే తీసుకుంటుంది. బోయింక్ తను చేసే పనులన్నీ రాసుకునే ఈవెంట్ లాగ్‌లో మొదటి వరసలు చూడండి, చిన్న కార్డు పేరు దగ్గర 'నాట్ యూజ్డ్' అని ఉంటుంది. బోయింక్ డేటా ఫోల్డర్‌లో 'సీసీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్' అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉండాలి, లేకపోతే మనమే రాసుకోవాలి. అందులో ఆప్షన్స్ కింద 'యూజ్ ఆల్ జీపీయూస్' విలువ 1 అని పెట్టి, బోయింక్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. విండోస్‌లో ఒక చిక్కుంది. నోట్‌ప్యాడ్ ఆ ఫైలు పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అది మన కంటికి కనపడదు. నాకు ఒక సాయంత్రమంతా అక్కడే పోయింది.

రెండు కార్డుల్ని కలిపే బ్రిడ్జి కొనాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. మన పొలాల్లో నాట్లకు దిగినవాళ్లు ఎవరి మునుం వాళ్లు పట్టుకున్నట్టు, ఏ కార్డు పని దానిదే. కాకపోతే ఒక్కో కార్డుకు పని అందించడానికి ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ ఖాళీగా ఉంచండి.

అసలు టెన్షన్ కరెంటుతో, వేడితో. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్లే వస్తాయి, ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150. ఒకే తీగకు వేలాడే రెండు కనెక్టర్లతో రెండు కార్డులు నడపొద్దు. దేని తీగ దానికి పవర్ సప్లై దగ్గర్నుంచి విడిగా లాగండి. ఇక మన నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పాలా? రోహిణి కార్తెలో గదిలో గాలే సెగలు కక్కుతుంది. పైన ఉన్న కార్డు కింది కార్డు వదిలిన వేడినే పీల్చుకుంటుంది. రెండింటి మధ్య ఒక స్లాట్ ఖాళీ వదలండి. ఎన్‌విడియా కార్డైతే 'ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ' కమాండ్‌తో పవర్ లిమిట్, అంటే కార్డు లాగే కరెంటు హద్దు, తగ్గించండి. పని తగ్గేది కొంచెం, వేడి తగ్గేది చాలా.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కాగిపోయిన కార్డు ఆగిపోకుండానే తప్పు లెక్కలు పంపగలదు. బోయింక్ మీద నడిచే ఖగోళ ప్రాజెక్టు ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో ఒకే పనిని ఇద్దరికి ఇచ్చి, జవాబులు సరిపోలుతున్నాయా అని చూస్తారు. సరిపోలకపోతే అదే పని ఇంకొకరి కంప్యూటర్‌కు వెళ్లాలి. మన కార్డు చేసిన తప్పుకు ఎక్కడో ఇంకొకరి కరెంటు ఖర్చవుతుంది.

సరిగ్గా చేస్తే ఏం దొరుకుతుందో కూడా చెబుతాను. 2010లో ఈ ప్రాజెక్టులోనే అమెరికాలో ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలో ఇంకొకరి కంప్యూటర్ కలిసి అరెసిబో టెలిస్కోప్ డేటాలో ఒక పల్సర్‌ను పట్టాయి. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే నక్షత్రం అది. వాళ్లు ఖగోళ శాస్త్రవేత్తలు కారు, మనలాంటి వాలంటీర్లే. నేనైతే ఆ వార్త చదివిన రోజు నిద్రపోలేకపోయాను.

ఇప్పుడు ఈ క్యాబినెట్ పక్క ప్లేటు తీస్తున్నాను. ఇద్దరు ముందుకు రండమ్మా. వెనక నుంచి వచ్చే గాలి దగ్గర చెయ్యి పెట్టి, పై కార్డుకీ కింది కార్డుకీ తేడా ఎంతుందో వీళ్లకు చెప్పండి.