పక్క ఊరి జట్టుతో ఆట

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఫోన్‌లో "శనివారం గేమ్ ఉంది" అంటుంటారు. కోలబంతితో ఆడే కాలేజీ ఫుట్‌బాల్ సంగతి అది. అక్కడి యూనివర్సిటీలు కొన్ని కొన్ని కలిసి కాన్ఫరెన్సులుగా ఏర్పడ్డాయి. సీజన్‌లో జట్టుకు పన్నెండు ఆటలుంటే, ఎనిమిదో తొమ్మిదో సొంత కాన్ఫరెన్స్‌లోనే ఆడాలి. ఆ ఎనిమిది, తొమ్మిది ఆటలు కాన్ఫరెన్స్‌లోని ఏ జట్లతో ఆడాలన్నదే చిక్కు.

1992లో ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ తన పన్నెండు జట్లను తూర్పు, పడమర డివిజన్లుగా విడదీసి, రెండింటి విజేతలకూ ఫైనల్ పెట్టింది. మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. ఎక్కువ ఆటలు సొంత డివిజన్‌లోనే ఆడాలి గనక, జట్లు పెరిగేకొద్దీ డివిజన్ గోడ అయింది.

నార్త్ కరోలినా, వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. 1953లో ఏసీసీ అనే కాన్ఫరెన్స్ పుట్టినప్పటి నుంచీ రెండూ అందులోనే ఉన్నాయి. అయినా వేర్వేరు డివిజన్లలో పడ్డాక, కలిసి ఆడే వంతు ఏళ్ల తరబడి రాలేదు. ఉండబట్టలేక 2019లో, 2021లో సొంతంగా ఆటలు పెట్టుకున్నారు. 2021లో వరసగా ఎనిమిది గెలిచి వచ్చిన వేక్ ఫారెస్ట్‌ను నార్త్ కరోలినా 58-55తో ఓడించింది. అంత గొప్ప ఆట కాన్ఫరెన్స్ లెక్కలోకే రాలేదు! నాకు ఇప్పటికీ మనసొప్పదు.

బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో మరో బాధ. 2014 నుంచి 2023 దాకా పది ఫైనల్సూ తూర్పు జట్లే గెలిచాయి. బలమంతా ఒకవైపే చేరితే ఫైనల్‌కు అర్థమేముంది?

డివిజన్ విజేతలే ఫైనల్ ఆడాలన్న నిబంధనను 2022లో, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సడలించాక పెద్ద కాన్ఫరెన్సులు డివిజన్లు ఎత్తేశాయి. మంచి పని చేశాయి. కాకపోతే పద్దెనిమిది జట్లున్నచోట ఒక సీజన్‌లో ఒక్కో జట్టుకు దాదాపు సగం జట్లు ఎదురుపడవు. గెలుపోటములు సమమైతే ఎవరు ముందో తేల్చడం తలనొప్పే.

నాకు నచ్చింది 2026 నుంచి ఎస్‌ఈసీ పెట్టుకున్న పద్ధతి. మూడు జట్లతో ఏటా ఆట ఖాయం, తక్కిన ఆరు ఆటలూ వంతులవారీగా మారతాయి. పాత పోటీలు చెక్కుచెదరవు. పాత పద్ధతిలో, 2012లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఎస్‌ఈసీలో చేరాక, 2023 దాకా జార్జియా జట్టు ఒక్కసారీ వాళ్ల మైదానంలో అడుగుపెట్టలేదు. అంటే మూడు బ్యాచ్‌ల పిల్లలు ఆ ఆట చూడకుండానే వెళ్లిపోయారు. కొత్త లెక్క ప్రకారం, ఈసారి చేరే విద్యార్థి పట్టా పుచ్చుకునేలోపు పదహారు జట్ల ఎస్‌ఈసీలో మిగతా పదిహేనింటిలో దాదాపు అన్నీ తన కాలేజీ మైదానానికి వస్తాయి.