పాల్ మెకార్ట్నీ బయటపెట్టిన రహస్యం ఏదీ లేదు!

నమస్కారం. బ్రిటన్‌కు చెందిన రాక్ సంగీత బృందం బీటిల్స్ విడిపోవడానికి కారకుడిని తాను కాననీ, ఆ పని మొదలుపెట్టింది "మన జానీ", అంటే తోటి సభ్యుడు జాన్ లెనన్ అనీ ఆ బృందంలోని పాల్ మెకార్ట్నీ 2021 అక్టోబరులో బీబీసీ రేడియో 4లో జాన్ విల్సన్‌తో అన్నప్పుడు చెలరేగిన గొడవ మీకు తెలిసిందే. యాభై ఏళ్ల రహస్యం బద్దలైనట్టు పత్రికలు ఆ మాటను మోతమోగించాయి. అందులో రహస్యం ఏదీ లేదని నేను గట్టిగా చెబుతున్నాను. 1969 సెప్టెంబరులోనే వెళ్లిపోతున్నానని పాల్‌తో చెప్పిన సంగతిని జాన్ లెనన్ స్వయంగా 1970 డిసెంబరులో రోలింగ్ స్టోన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో వివరించారు.

మరి ఆ నింద పాల్ నెత్తిన ఎలా పడింది? పాల్ బీటిల్స్‌ను వీడుతున్నారని 1970 ఏప్రిల్ 10న డెయిలీ మిర్రర్ పతాక శీర్షిక వేసింది. ఆ వార్తకు ఆధారం ఎవరూ ఎదురుగా కూర్చుని అడిగిన మాట కాదు. ఆయన సొంత ఆల్బంతో పాటు పాత్రికేయులకు పంచిన ప్రశ్నోత్తరాల కాగితం. ఈ ఎడబాటు తాత్కాలికమా, శాశ్వతమా అన్న ప్రశ్నకు ఆ కాగితంలో ఉన్న జవాబు తనకు నిజంగా తెలియదనే. లెనన్‌తో కలిసి మళ్లీ పాటలు రాసే రోజు వస్తుందనుకుంటున్నారా అన్నదానికి మాత్రం ఒకే ఒక్క ముక్క, "లేదు". ఆ ముక్క ఏ గొంతుతో అన్నదో, కోపంతోనో దిగులుతోనో, ఎవరికీ వినిపించలేదు. అందుకే నా నమ్మకం ఇది: అచ్చులో పడిన ఆ మచ్చను గొంతుతో తుడుచుకోవడానికే పాల్ ఈ వయసులో మళ్లీ మళ్లీ రేడియో మైకు ముందుకు వస్తున్నారు.

బీబీసీలో ఆయన చెప్పినది వినండి. జాన్ ఒకరోజు గదిలోకి వచ్చి బీటిల్స్‌ను వదిలేస్తున్నానన్నాడనీ, ఇది విడాకులు తీసుకున్నట్టు ఎంతో ఉత్సాహంగా ఉందని కూడా అన్నాడనీ, ఆ తర్వాత వ్యాపార ఒప్పందాలు తేలేదాకా నెలల తరబడి అంతా బాగున్నట్టు నటించాల్సి వచ్చిందనీ చెప్పారు. అది తన బృందం, తన పని, తన జీవితం కనుక కొనసాగాలనే కోరుకున్నానన్నారు. అలాంటి మనిషి 1970 డిసెంబరు 31న లండన్ హైకోర్టులో బృందంలోని మిగతా ముగ్గురు స్నేహితుల మీదే దావా వేయాల్సి వచ్చింది! వాళ్లు పాల్ ఒప్పుకోని మేనేజర్ అలెన్ క్లైన్ పక్షాన నిలిచారు కనుక అతనితో పోరాడటానికి ఆయనకు మరో దారి కనిపించలేదు. దావా వేసినవాడే విడగొట్టినవాడని లోకం తీర్పు చెప్పేసింది.

పత్రికల కత్తిరింపు అక్కడితో ఆగలేదు. 2020 ఏప్రిల్‌లో హోవర్డ్ స్టెర్న్ రేడియో కార్యక్రమంలో, రోలింగ్ స్టోన్స్ అనే మరో రాక్ బృందం కన్నా బీటిల్స్ మెరుగన్న మాటకు పాల్ మొగ్గు చూపారు. అదే సంభాషణలో స్టోన్స్ అద్భుతమైన బృందమనీ, వాళ్ల కచేరీలకు తాను వెళుతుంటాననీ కూడా అన్నారు. శీర్షికలకెక్కింది ఏ ముక్కో మీకు తెలుసు. ఒక బృందం ఇంకా స్టేడియాల్లో వాయిస్తోందని, రెండోది అసలు లేదని స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ మరో రేడియోలో బదులిచ్చే దాకా ఆ మంట ఎగదోశారు.

జవాబు చెప్పుకోలేని జాన్ మీద నేరం మోపడం అన్యాయం కాదా అని కొందరు అడుగుతున్నారు. జాన్ చివరి ఇంటర్వ్యూ కూడా రేడియోకు ఇచ్చినదే. 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లోని డకోటా భవనంలో ఆర్‌కేఓ రేడియో బృందంతో గంటల తరబడి మాట్లాడారు, ఆ రాత్రే హత్యకు గురయ్యారు. ఆ విషాదాన్ని గౌరవిస్తూనే అడుగుతున్నాను. జాన్ తన నోటితో చెప్పిన విషయాన్నే పాల్ యాభై ఏళ్ల తర్వాత తిరిగి చెబితే అది నింద ఎలా అవుతుంది? పాల్‌దే తప్పని ఇంకా అనేవారు ముందు 1970 నాటి లెనన్ ఇంటర్వ్యూ మొత్తం చదివి, ఆ తర్వాత నాతో వాదనకు రండి.