డీమ్యాట్‌లు ఎన్ని ఉన్నా పాన్ ఒక్కటే

(లీలామహల్ సర్కిల్, తిరుపతి. టీ కొట్టు ముందు నిలబడి.)

నమస్తే అండీ. ఇక్కడే టీ తాగుతుంటే ఒక కుర్రాడు అడిగాడు: "అన్నా, ఫ్రెండ్స్ రిఫరల్ పంపారని మూడు యాప్‌లలో డీమ్యాట్ తెరిచాను. ఏమైనా కేసు అవుతుందా?"

టెన్షన్ వద్దు తమ్ముడూ. డీమ్యాట్ అంటే మన షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా, అంతే. వేర్వేరు బ్రోకర్ల దగ్గర ఎన్ని డీమ్యాట్, ట్రేడింగ్ అకౌంట్లు ఉన్నా తప్పు లేదు. రెండు ఉండకూడనిది పాన్ కార్డు. ఉంటే 10,000 రూపాయల జరిమానా పడొచ్చు.

(తెర మీద: ఒక పాన్, దానికి కట్టిన మూడు అకౌంట్లు)

అసలు ఇబ్బంది ఐపీఓల దగ్గర, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మేటప్పుడు వస్తుంది. మా తమ్ముడు ఒకే ఐపీఓకి రెండు డీమ్యాట్‌ల నుంచి అప్లై చేశాడు, ఛాన్స్ రెండింతలవుతుందని. రెండూ తిరస్కరించారు. అక్కడ చూసేది అకౌంట్ నంబరు కాదు, పాన్. ఇంట్లో అమ్మ, భార్య వాళ్ల సొంత పాన్, సొంత డీమ్యాట్, సొంత బ్యాంకు ఖాతాతో విడిగా వేసుకోవచ్చు.

పన్ను కూడా అంతే. షేర్ల మీద దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1.25 లక్షల మినహాయింపు మొత్తం మనిషికి ఒక్కసారే, అకౌంట్‌కొకసారి కాదు.

చాలామందికి తెలియక డబ్బు పోయేది ఇంకోచోట. బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ అని, చిన్న మదుపరుల కోసం తక్కువ చార్జీల ఖాతా ఒకటి ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అందులో 4 లక్షల వరకు విలువకి వార్షిక నిర్వహణ చార్జీ లేదు, 4 నుంచి 10 లక్షలదాకా ఏడాదికి 100 రూపాయలే. కానీ మీ పేరు మొదటి హోల్డర్‌గా ఒకే ఒక్క డీమ్యాట్ ఉండాలి. ఊరికే తెరిచిన రెండోది ఆ సౌకర్యాన్ని పోగొడుతుంది. చిన్న మొత్తాలు దాచుకునేవాళ్లకి ఇది నిజంగా బాధ కలిగించే నష్టం.

పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ పొదుపు ఖాతా అయితే మనిషికి ఒక్కటే. పోస్టాఫీసులో ఒకటి, బ్యాంకులో ఒకటి కుదరదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. మన షేర్లను ఎలక్ట్రానిక్‌గా భద్రపరిచే డిపాజిటరీ సంస్థలు ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి మెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్, అంటే అన్నీ కలిపిన లెక్క వెతకండి. మీ పాన్ మీద ఉన్న డీమ్యాట్‌లు అందులో కనబడతాయి. ప్రతిదాంట్లో నామినీ ఉన్నారో లేదో చూడండి, ఒక అకౌంట్‌లో పెట్టిన నామినీ ఇంకోదానికి వర్తించరు.

వాడనిది మూసేయండి. అందులో షేర్లుంటే మీ పేరునే ఉన్న ఇంకో డీమ్యాట్‌కి మార్చుకోవచ్చు. అది అమ్మకం కాదు కాబట్టి పన్ను పడదు, కొన్న తేదీ కూడా పాతదే. మా తమ్ముడు పోయిన వారమే అకౌంట్ మూసే ఫారం నింపాడు.