పాపకు మోషన్స్ పట్టుకున్నాయా? ల్యాబ్‌కు వెళ్ళే ముందు ఇది చూడండి

[క్లినిక్ టేబుల్. దాని మీద ఓఆర్ఎస్ ప్యాకెట్, లీటరు నీళ్ళ సీసా, మూత ఉన్న చిన్న డబ్బా]

నమస్తే. నేను హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్‌ని. వానలు మొదలయ్యాయంటే మా క్లినిక్‌లోకి వచ్చేవాళ్ళలో చాలామంది నోట ఒకటే మాట: "మేడం, రాత్రి నుంచి మోషన్స్."

పోయిన వానాకాలం ఒకమ్మ పదకొండు నెలల బాబును ఎత్తుకొచ్చింది. చేతిలో క్యారీబ్యాగు, అందులో మూడు రిపోర్టులు. రక్తం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష), మలం అన్నీ ముందే చేయించింది. వాటిని పక్కన పెట్టి అడిగాను: "బాబు ఆఖరిసారి పాస్ ఎప్పుడు పోసిండమ్మా?" ఆమె కాసేపు ఆలోచించింది. "రాత్రి పండుకునే ముందు మేడం. పొద్దున్నుంచి సూడలే." అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర. నాకు కావలసిన రిపోర్టు అదే.

విరేచనాల జబ్బులో డాక్టర్ తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, ఒంట్లోంచి నీళ్ళు ఎంత పోయాయన్నది. ఏ క్రిమి వల్ల వచ్చిందన్నది ఆ తర్వాతి మాట. పసివాళ్ళకు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ నీటి లోటే.

[తెర మీద: బొమ్మ పొట్ట మీద చర్మం పట్టి వదులుతున్న చేయి]

మేము ఏం చూస్తామో చెబుతాను, మీరూ చూడొచ్చు. కళ్ళు లోతుకు పోయాయా? ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా? నాలుక తడిగా ఉందా? ఏడాది లోపు బిడ్డయితే మాడు గుంట పడిందా? గ్లాసు చూపిస్తే ఆబగా లాక్కుని తాగుతోందా, లేక తాగే ఓపిక కూడా లేకుండా సోలిపోతోందా? ఈ చివరి తేడా చాలా పెద్దది. ఆబగా తాగే బిడ్డకు ఓఆర్ఎస్‌తో నయం చేయొచ్చు. సోలిపోతున్న బిడ్డకు ఆసుపత్రిలో సెలైన్ కావాలి, అదీ వెంటనే.

బొడ్డుకూ పొట్ట పక్క భాగానికీ మధ్యలో చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదలండి. టక్కున వెనక్కి పోవాలి. నెమ్మదిగా పోతే నీళ్ళు తగ్గాయని, రెండు సెకన్లు దాటినా మడత నిలిచి ఉంటే బాగా తగ్గాయని అర్థం. ఒక్క జాగ్రత్త. బక్కచిక్కిన పిల్లల్లో నీళ్ళు సరిపడా ఉన్నా మడత నిలుస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లల్లో నీళ్ళు పోయినా చర్మం మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ఏ ఒక్క గుర్తునూ నమ్ముకోం, రెండు మూడు కలిపి చూస్తాం.

ఇక బరువు. 10 కిలోల బిడ్డ రెండు రోజుల్లో అరకిలో తగ్గిందంటే ఇంచుమించు అర లీటరు నీళ్ళు పోయినట్టే. టీకాల కార్డు మీద పోయిన నెల బరువు రాసి ఉంటే నాకు ఎంతో సాయం. దయచేసి ఆ కార్డు తీసుకురండి.

డైపర్ సంగతీ చెప్పాలి. నీళ్ళలా విరేచనం అవుతుంటే డైపర్‌లో ఏది మూత్రమో ఏది విరేచనమో తెలియదు. ఆ రెండు రోజులు డైపర్ తీసేసి పాత కాటన్ చీర గుడ్డ వేయండి. అమ్మమ్మలు చేసింది ఇదే, లెక్క దొరుకుతుంది. ఆరు గంటలు దాటినా పాస్ పోయలేదంటే ఆగకుండా బయలుదేరండి.

[డాక్టర్ ముఖం దగ్గరగా]

నీటి లెక్క తేలాక, ఏ జబ్బన్న ప్రశ్న. ఇక్కడ సగం సమాధానం తల్లి మాటల్లోనే ఉంటుంది.

ముందు వాంతులు, కొంచెం జ్వరం, మర్నాటి నుంచి నీళ్ళ విరేచనాలు అంటే వైరస్ అనుకుంటాను. రెండేళ్ళ లోపు పిల్లల్లో రోటా వైరస్ ఇలాగే మొదలవుతుంది, వారం దాకా ఉండొచ్చు. ఇంట్లో అందరికీ ఒకేసారి వాంతులై రెండు రోజుల్లో తగ్గితే నోరో వైరస్ కావచ్చు. ఫంక్షన్‌లో తిన్న నాలుగైదు గంటలకే అందరికీ వాంతులంటే ఆహారంలో పుట్టిన విషం. గట్టి జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగటలో రక్తం కలిసి వస్తే షిగెల్లాను అనుమానిస్తాను. గంజినీళ్ళలా తెల్లగా, కుండపోతగా అవుతుంటే కలరా గుర్తుకు రావాలి. వారాల తరబడి ఉబ్బరం, దుర్వాసన, జిడ్డు విరేచనం ఉంటే జియార్డియా కోసం వెతుకుతాం.

"పళ్ళొస్తున్నాయి కదా, అందుకే" అని చాలామంది ఊరుకుంటారు. ఆ వయసులో బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా అప్పుడే తగ్గుతుంది. క్రిమి అలా చేరుతుంది. పళ్ళ మీద నెపం పెట్టి రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

విరేచనాలే లేకుండా ఒట్టి వాంతులుంటే నేను మరింత జాగ్రత్త పడతాను. మూత్రంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు, షుగర్ జబ్బు, అపెండిక్స్ ఇవన్నీ పిల్లల్లో వాంతులతోనే మొదలవ్వొచ్చు. ఆకుపచ్చటి వాంతి అయితే పేగులో అడ్డంకి ఉందేమో చూడాలి. బిడ్డ ఉన్నట్టుండి కాళ్ళు ముడుచుకుని గుక్కపెట్టి ఏడ్చి, కాసేపు నిమ్మళించి, మళ్ళీ ఏడుస్తుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. జామ్ లాంటి ఎర్రటి విరేచనం దాని తర్వాత వస్తుంది. స్కానింగ్‌లో తేలుతుంది. అలాంటప్పుడు అర్ధరాత్రయినా నీలోఫర్ లాంటి పెద్ద పిల్లల ఆసుపత్రికి వెళ్ళండి.

[మూత డబ్బా చేతిలోకి తీసుకుంటూ]

మరి మల పరీక్ష ఎప్పుడు? మామూలు నీళ్ళ విరేచనాలకు చాలాసార్లు అక్కర్లేదు, ఎందుకంటే ఫలితం ఏదొచ్చినా వైద్యం మారదు. రక్తం పడితే, రెండు వారాలు దాటితే, రోగనిరోధక శక్తి తక్కువున్న బిడ్డయితే, కలరా అనుమానముంటే, ఒకే వాడలో చాలామందికి వస్తే చేయించాలి.

మలం కల్చర్ అంటే క్రిమిని పెంచి చూడటం. రెండు మూడు రోజులు పడుతుంది, ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వాలి. డైపర్ నీటిని పీల్చేస్తుంది కాబట్టి లోపల శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పరిచి పట్టండి, మూత్రం కలవకుండా చూసి రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. పీసీఆర్ ప్యానెల్ ఒకేసారి చాలా క్రిములను వెతుకుతుంది, ఖరీదూ ఎక్కువే. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన క్రిమి అవశేషాలు కూడా అందులో కనిపిస్తాయి. రిపోర్టులో పేరుంది కాబట్టి ఇప్పటి జబ్బు దానివల్లే అనుకోలేం. రోటా చుక్కలు వేసిన కొద్ది రోజులకే పరీక్ష చేస్తే టీకాలోని వైరసే పాజిటివ్‌గా కనిపించవచ్చు.

నన్ను బాగా బాధపెట్టేది రిపోర్టులో "అమీబా" అన్న మాట. పసిపిల్లల్లో అమీబా వల్ల రక్త విరేచనాలు అరుదు. సూక్ష్మదర్శినిలో తెల్ల రక్తకణాలను చూసి అమీబా అని పొరబడటం మాత్రం అరుదు కాదు. ఆ ఒక్క మాటతో రెండు మందులు కలిపిన సిరప్ కొనేస్తారు. వైరస్ మీద ఆ సిరప్ ఏమీ చేయదు, మంచి క్రిములను చంపి విరేచనాలను పెంచనూ వచ్చు. మోషన్స్ ఆపే బిళ్ళలయితే చిన్నపిల్లలకు అసలే వద్దు.

[ఓఆర్ఎస్ కలుపుతూ]

ఆ బాబు దగ్గరికి వద్దాం. కళ్ళు గుంట పడ్డాయి, ఆబగా తాగుతున్నాడు, చర్మం నెమ్మదిగా వెనక్కి పోతోంది. కొంత నీటి లోటు. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 8 కిలోల బాబుకు 600 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. లీటరు ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. నాలుగు గంటల తర్వాత మళ్ళీ అవే గుర్తులు చూస్తాను. తేరుకున్నాడా లేదా అన్నది కూడా నాకు ఒక పరీక్షే.

ప్యాకెట్ కొనేటప్పుడు కూర్పు చదవండి. తీపి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఎక్కువ చక్కెర ఉన్న పానీయం విరేచనాలను పెంచుతుంది.

ఆ బాబు తల్లి సాయంత్రం దాకా నా ఎదురు బెంచీ మీదే కూర్చుని చెంచాతో పట్టింది. నాలుగున్నరకి లేచి నా దగ్గరికొచ్చింది, చీర ముందు భాగం తడిసిపోయి ఉంది. "పోసిండు మేడం!" జింకు చుక్కలు 14 రోజులకు రాసిచ్చాను.

వెళ్ళేటప్పుడు ఇంకో మాట అడిగాను. "మీ గల్లీలో ఇంకెవరికైనా ఉందా?" పక్కింటి ఇద్దరు పిల్లలకూ ఉందట, నల్లా నీళ్ళు వాసన వస్తున్నాయట. 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు పోయిన నగరం మనది. జలమండలి నంబరు 155313. ఆ రాత్రే ఫోన్ చేయమన్నాను, అప్పటిదాకా నీళ్ళు మరగబెట్టే వాడమన్నాను.